మన నీళ్లు, మన లెక్క – 5: లక్డీకాపూల్ దగ్గర ఆగి ఆలోచిస్తే



పోయిన వారం ఇంటర్నల్ పేపర్లు దిద్దుతున్నాను. నగర జీవితం మీద అడిగిన ప్రశ్నకు ఒక విద్యార్థి రాశాడు: పల్లెల నుంచి వచ్చినవాళ్లు బస్తీలు వేసుకోవడం వల్లే హైదరాబాద్‌లో చెరువులు పోయాయి, నీళ్ల కరువు వచ్చింది. ఆ అబ్బాయిదీ బస్తీయే. కన్నవాళ్ల మీద తనే నేరం మోపాడు. ఈ భాగం అతని కోసం రాస్తున్నాను.

నేను రోజూ బస్సు మారేది లక్డీకాపూల్‌లో. పేరుకు కట్టె వంతెన. ఇప్పుడు కట్టె కనబడదు, పైన మెట్రో నడుస్తుంది. కాస్త ముందుకు పోతే మాసాబ్ ట్యాంక్. చెరువు లేదు, పేరు మిగిలింది. ఒకసారి నడిచి చూడండి. అక్కడ గుడిసెలు కాదు. పార్కు, ఫ్లైఓవర్, పెద్ద భవనాలు కనిపిస్తాయి.

జనాభా పెరగలేదని కాదు. 1901లో నగర జనాభా సుమారు 4.48 లక్షలు. 2011 నాటికి జీహెచ్ఎంసీలో 67 లక్షలు దాటింది. హద్దులూ అంతే పెరిగాయి. అయితే తలలు లెక్కపెడితే సరిపోదు. ఎవరికి ఎన్ని నీళ్లు అందాయో కూడా లెక్కపెట్టాలి.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, తాగునీరు వచ్చింది.

అదే 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. నీళ్లున్నాయి, కాగితం ఉంది, దగ్గరికి పోనిచ్చేవాడు లేడు. కొరత అనే మాట విన్నప్పుడల్లా మహద్ గుర్తు తెచ్చుకోండి.

మన నగరంలో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు, 1911లో దాన్ని మన్య సంఘంగా మలిచారు. 1931 జనాభా లెక్కల్లో మనవాళ్లను ఆది హిందువులుగా రాయాలని పట్టుబట్టారు. పేరు కోసమే కాదు అది. లెక్కలో గౌరవంగా నమోదు కానివాళ్లకు బడీ రాదు, నల్లా రాదు. నేడు మనల్ని లెక్కపెట్టేది మనుషులుగా కాదు, భారంగా.

నగరం దాహం తర్వాత మంజీరాకు పోయింది. సింగూరు నీళ్లు నగరానికి మళ్లితే మెతుకు సీమ రైతు తన వాటా అడగాల్సి వచ్చింది. ఆపైన కృష్ణ. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్లగొండ జిల్లా మీదుగానే ఆ పైపులైను హైదరాబాద్ చేరింది. అంతకుముందే 1996లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నీళ్లు అడగడానికి పేదలకు దొరికిన భాష అది.

అదే 1996లో జీవో 111 వచ్చింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్లలో కట్టడాలకు కళ్లెం వేసింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. అక్కడ విల్లా కొనేది బస్తీవాళ్లా?

వచ్చిన నీళ్లు మురుగై పోవాలి కదా. మ్యాన్‌హోల్‌లోకి దిగేది ఎవరు? 1993లో చట్టం, 2013లో మరో చట్టం. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలంది. చావులు ఆగలేదు. నగరానికి భారమని పిలిపించుకునే మనుషులే నగరం మురుగును మోస్తున్నారు.

ఆ పేపర్ మీద మార్కులు వేశాను. అంచున ఒక ప్రశ్న రాశాను: "మీ బస్తీలో నల్లా వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు వస్తుంది? అమ్మను అడిగి రా."

మీరూ అడగండి. తేదీ, టైము వేసి రాసి పెట్టండి. మన చరిత్రకు ఆధారాలు మనమే పోగెయ్యాలి.

మిగతాది వచ్చే భాగంలో. జై భీమ్.