నడుస్తున్న సర్వర్‌ని ఆపకుండా ఇల్లు మార్చిన కథ



ఫోన్‌కి అప్‌డేట్ వచ్చినప్పుడు మీరేం చేస్తారు? నిజం చెప్పండి. చాలామందిమి "తర్వాత" అని నొక్కి పక్కన పడేస్తాం. ఎందుకంటే రీస్టార్ట్ అవ్వాలి, అంతసేపు ఫోన్ ఉండదు. మరి మీరు టికెట్ బుక్ చేసినప్పుడు అవతల పనిచేసే సర్వర్ సంగతేంటి? దానికీ అప్‌డేట్లు వస్తాయి, దానికీ రీస్టార్ట్ కావాలి. కానీ అది ఆగితే లక్షలమందికి పని ఆగుతుంది. ఈ చిక్కుముడిని ఎలా విప్పారన్నదే ఇవాళ్టి కథ.

ముందు వర్చువల్ మెషీన్ అంటే ఏంటో చూద్దాం. ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. బిల్డింగ్ అసలు సర్వర్. దాన్ని హోస్ట్ అంటారు. అందులో ఒక్కో ఫ్లాట్ ఒక్కో వర్చువల్ మెషీన్. ప్రతి ఫ్లాట్‌వాళ్లూ ఇది మా సొంత ఇల్లే అనుకుంటారు. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1960లలోనే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం పరిశోధన కేంద్రంలో పుట్టింది. 1972లో వీఎం/370 పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. మామూలు సర్వర్ల మీదికి దాన్ని తెచ్చింది 1998లో మొదలైన వీఎంవేర్. 2001లో వాళ్ల ఈఎస్ఎక్స్ సర్వర్ వచ్చాక కంపెనీలు పాత మెషీన్లన్నిటినీ ఒకే హోస్ట్ మీదికి ఎక్కించడం మొదలుపెట్టాయి.

డబ్బు మిగిలింది, కరెంటు మిగిలింది. కానీ కొత్త తలనొప్పి వచ్చింది. ఇంతకుముందు ఒక సర్వర్ ఆపాలంటే ఒక డిపార్ట్‌మెంట్‌ని అడిగితే చాలు. ఇప్పుడు ఒక హోస్ట్ ఆపాలంటే ఇరవై డిపార్ట్‌మెంట్లు ఒప్పుకోవాలి.

ఇది నేను అనుభవించిందే. నేను సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసిన ఒకచోట ప్రతి నెలా ఇదే తంతు. "ఈ ఆదివారం కాదు, జీతాలు పడాలి." "వచ్చే ఆదివారం కాదు, ఆడిట్ ఉంది." ఆ హోస్ట్ ఏడాది దాటి ఒక్కసారి కూడా రీబూట్ కాలేదు. మేం దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లం! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఏడాది రీబూట్ కాలేదంటే, ఏడాదిగా ఆ హోస్ట్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు పడలేదని అర్థం. ఇంటి తాళం పాడైందని తెలిసి కూడా, బాగుచేయడానికి టైం లేదని తలుపు తెరిచే పడుకున్నట్టు.

దీనికి పరిష్కారం లైవ్ మైగ్రేషన్. అంటే నడుస్తున్న మెషీన్‌ని నడుస్తుండగానే పక్క హోస్ట్‌కి మార్చేయడం. 2003లో వీఎంవేర్ దీన్ని వీమోషన్ పేరుతో తెచ్చింది. 2005లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకులు, కోపెన్‌హాగన్ వాళ్లతో కలిసి, జెన్ అనే ఓపెన్ సోర్స్ హైపర్‌వైజర్ మీద అదే పని చేసి, ఎలా చేశారో పేపర్‌లో వివరంగా రాశారు. చూశారా, వర్చువల్ మెషీన్ పుట్టింది ఒక కేంబ్రిడ్జ్‌లో, దానికి ఇల్లు మారే విద్య గురించి అందరూ చదువుకునే పేపర్ వచ్చింది ఇంకో కేంబ్రిడ్జ్ నుంచి!

వాళ్లు చేసిన ఒక పరీక్ష మీకు నచ్చుతుంది. ఆరుగురు క్వేక్ 3 గేమ్ ఆడుతుండగా ఆ గేమ్ సర్వర్‌నే ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మార్చారు. ఆగింది ఎంతసేపో తెలుసా? దాదాపు 60 మిల్లీసెకన్లు. కనురెప్ప వేసినంత సేపు కూడా కాదు.

ఎలా సాధ్యం? కాలేజీలో రికార్డ్ కాపీ కొట్టడం గుర్తు తెచ్చుకోండి. మీ ఫ్రెండ్ ఇంకా రాస్తూనే ఉన్నాడు. మీరు ముందు అన్ని పేజీలూ ఎక్కించుకుంటారు. ఈలోపు వాడు కొన్ని పేజీలు దిద్దుతాడు. ఆ పేజీలు మాత్రం మళ్లీ ఎక్కించుకుంటారు. ప్రతి రౌండ్‌కీ మిగిలేది తగ్గుతుంది. చివర్లో "ఒక్క క్షణం పెన్ను ఆపరా" అని ఆ నాలుగు లైన్లూ రాసేస్తారు. మెమరీ విషయంలో జరిగేది ఇదే. దీన్ని ప్రీ-కాపీ అంటారు. స్టాన్‌ఫర్డ్‌లో వీ-సిస్టమ్ మీద పనిచేసినవాళ్లు 1985లోనే ఈ దారి చూపించారు. తర్వాత కొత్త హోస్ట్ "ఈ అడ్రస్ ఇప్పుడు ఇక్కడుంది" అని నెట్‌వర్క్‌కి చాటింపు వేస్తుంది. డిస్క్ రెండు హోస్ట్‌లకీ ఉమ్మడి స్టోరేజ్‌లో ఉంటే దాన్ని కదిలించే పనే లేదు.

ఇక అప్‌గ్రేడ్ సులువైంది. ఒక హోస్ట్‌ని ఖాళీ చెయ్, అప్‌గ్రేడ్ చెయ్, రీబూట్ చెయ్, వెనక్కి తీసుకురా, తర్వాతి దాని దగ్గరికి వెళ్లు. షరతు ఒక్కటే: ఒక హోస్ట్ పక్కన పెట్టినా మిగతావి ఆ బరువు మోయగలగాలి. ఇంకో మెలిక ప్రాసెసర్. కొత్త ప్రాసెసర్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లకి అలవాటుపడ్డ మెషీన్‌ని, అవి లేని పాత హోస్ట్ మీదికి తెస్తే కూలిపోవచ్చు. అందుకే క్లస్టర్‌లో అన్నిటికీ ఉన్నవి మాత్రమే చూపించి మిగతావి దాచిపెడతారు.

మరి ఈ విద్య లేనప్పుడు ఏమైంది? 2014 సెప్టెంబర్‌లో అదే జెన్‌లో ఒక పెద్ద లోపం బయటపడింది. అమెజాన్ తన ఈసీ2 సర్వర్లలో పది శాతం లోపు రీబూట్ చేయాల్సి వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌కి ఉన్న 2,700కి పైగా కాసాండ్రా డేటాబేస్ నోడ్‌లలో 218 రీబూట్ అయ్యాయి, 22 సరిగా తిరిగి లేవలేదు. అయినా నెట్‌ఫ్లిక్స్ ఆగలేదు. ఎందుకంటే వాళ్లు ముందునుంచే కావాలని తమ సర్వర్లని తామే పడగొట్టి సాధన చేసేవాళ్లు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడ్డాయి. గూగుల్ క్లౌడ్ తన హోస్ట్‌లని లైవ్ మైగ్రేషన్‌తోనే ప్యాచ్ చేసింది. మైక్రోసాఫ్ట్ అజూర్ మాత్రం మిగిలిన వర్చువల్ మెషీన్లని ముందనుకున్న టైం కంటే తొందరగా రీబూట్ చేయాల్సి వచ్చింది. ఒక మాట మర్చిపోకండి, బిల్డింగ్ బాగుచేస్తే ఫ్లాట్ బాగుపడదు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌ని దాని ఓనరే అప్‌డేట్ చేసుకోవాలి.

"లైవ్ మైగ్రేషన్ ఉంటే సర్వర్ ఆగదు" అని అందరూ చెబుతారు. నా దృష్టిలో దానికంటే పెద్ద మేలు ఇంకోటి ఉంది. "ఇప్పుడు కుదరదు" అనే మా సాకుని అది లాగేసుకుంది. ఏడాది రీబూట్ కాని సర్వర్‌ని ఇప్పుడు ఏ అడ్మిన్ చూపించినా నేను చప్పట్లు కొట్టను. "ఎందుకు చేయలేదు?" అని అడుగుతాను.

సరే, ఈ వీడియో అయిపోయింది కాబట్టి ఒక్క పని చేయండి. మీ ఫోన్‌లో "తర్వాత" అని పక్కన పెట్టిన ఆ అప్‌డేట్ ఉంది చూడండి, ఇవాళ రాత్రి పడుకునే ముందు పెట్టేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.