సిలిండరు హెడ్డు మార్పిడి – సంపీడన నిష్పత్తి

అంతర్దహన యంత్రంలో పిస్టను అట్టడుగున ఉన్నపుడు సిలిండరులో ఉండే మొత్తం ఘనపరిమాణానికి, అది పైకొసకు చేరినపుడు మిగిలే ఘనపరిమాణానికి గల నిష్పత్తిని సంపీడన నిష్పత్తి అంటారు. సిలిండరును పైనుండి మూసివుంచే లోహభాగం సిలిండరు హెడ్డు. పగిలిన లేదా వంగిన హెడ్డును తీసి వేరొకటి బిగించినపుడు ఈ నిష్పత్తి మారవచ్చును. బోల్టుల రంధ్రాలు కుదిరినంత మాత్రాన హెడ్డు ఆ ఇంజనుకు తగినదని చెప్పడానికి వీలులేదు.

లెక్కించే విధానం

పిస్టను ఒక కొస నుండి మరొక కొసకు కదిలినపుడు తుడిచివేసే ఘనపరిమాణాన్ని స్ట్రోకు ఘనపరిమాణం అంటారు. పిస్టను పైకొసన ఉన్నపుడు దానిపై మిగిలే ఖాళీ స్థలం క్లియరెన్సు ఘనపరిమాణం.

సంపీడన నిష్పత్తి = (స్ట్రోకు ఘనపరిమాణం + క్లియరెన్సు ఘనపరిమాణం) ÷ క్లియరెన్సు ఘనపరిమాణం

హెడ్డు మార్చినపుడు స్ట్రోకు ఘనపరిమాణం మారదు. మారేది క్లియరెన్సు ఘనపరిమాణం మాత్రమే. హెడ్డులోని గుంత, గ్యాస్కెట్టు మందం, పిస్టను తలపై గుంత, కవాటాలు లోనికి దిగివున్న లోతు - ఇవన్నీ కలిసి దానిని నిర్ణయిస్తాయి.

మెట్ట ప్రాంతాల డీజిలు ఇంజన్లు

కర్నూలు జిల్లాలోని పత్తికొండ, తుగ్గలి, దేవనకొండ, ఆలూరు ప్రాంతాలలో వ్యవసాయం ఎక్కువగా వర్షంపై ఆధారపడినది. రాయలసీమ బావుల వద్ద ఎద్దులతో తోలే కపిలల స్థానంలోకి డీజిలు ఇంజన్లు, ఆ తరువాత విద్యుత్ మోటార్లు వచ్చాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. నేలపై ఉంచిన పంపు సిద్ధాంతరీత్యా సుమారు 10 మీటర్ల లోతుకు మించి నీటిని పీల్చలేదు. అందువలన లోతైన బోరుబావులలో సబ్‌మెర్సిబుల్ మోటార్లు వాడుతారు. కరెంటు అందని కుంటలు, కాలువల వద్ద డీజిలు ఇంజను ఉపయోగపడుతుంది. పైరుకు తడి అవసరమైన రోజులలో ఇంజను ఆగిపోతే పంట ఎండుతుంది. కాబట్టి చేతికి దొరికిన పాత హెడ్డును బిగించి పని గడుపుకొనే అవసరం ఏర్పడుతుంది.

ఇటువంటి ఇంజన్లకు కిర్లోస్కర్ ఒక సిలిండరు ఇంజన్లు మంచి ఉదాహరణ. ఇవి ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో కూడా వాడబడుతున్నాయి.

ఏవీ1: బోరు (సిలిండరు వ్యాసం) 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ., స్ట్రోకు ఘనపరిమాణం సుమారు 553 సీసీ, నిష్పత్తి 16.5. క్లియరెన్సు ఘనపరిమాణం సుమారు 35.7 సీసీ.

టీవీ1: బోరు 87.5 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ., స్ట్రోకు ఘనపరిమాణం సుమారు 661 సీసీ, నిష్పత్తి 17.5. క్లియరెన్సు ఘనపరిమాణం సుమారు 40.1 సీసీ.

రెండింటి క్లియరెన్సుల మధ్య తేడా చిన్న చెంచాడు కూడా లేదు. టీవీ1లో గ్యాస్కెట్టు మందం 0.5 మి.మీ. పెరిగితే క్లియరెన్సు 3 సీసీ పెరిగి నిష్పత్తి సుమారు 16.3కు పడిపోతుంది. అంతే మందం తగ్గితే 18.8కు చేరుతుంది.

పెట్రోలు ఇంజనుతో పోలిక

70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు గల పాత 350 సీసీ బుల్లెట్ మోటారుసైకిలు ఇంజను స్ట్రోకు ఘనపరిమాణం 346 సీసీ. దాని నిష్పత్తి 7.25 అనుకొంటే క్లియరెన్సు సుమారు 55.4 సీసీ అవుతుంది. ఇందులో ఒక సీసీ తగ్గితే నిష్పత్తి 0.11 మాత్రమే పెరుగుతుంది. టీవీ1లో ఒక సీసీ తగ్గితే 0.42 పెరుగుతుంది. అనగా నిష్పత్తి ఎక్కువగా ఉన్న ఇంజనులో చిన్న పొరపాటు కూడా పెద్ద మార్పు తెస్తుంది.

మరొక భేదం దహన గది ఉన్న చోటు. బుల్లెట్ వంటి పెట్రోలు ఇంజనులో అది ప్రధానంగా హెడ్డులోనే ఉంటుంది కనుక, వేరే ఆకారపు హెడ్డు నిష్పత్తిని నేరుగా మారుస్తుంది. ఇంధనాన్ని నేరుగా సిలిండరులోనికి చిమ్మే డీజిలు ఇంజనులో హెడ్డు చదునుగా ఉండి, గుంత పిస్టను తలపై ఉంటుంది. ఇక్కడ గ్యాస్కెట్టు, కవాటాల లోతు ముఖ్యం. కవాటపు సీటును ఎక్కువగా అరగదీస్తే కవాటం లోనికి దిగి నిష్పత్తి తగ్గుతుంది. హెడ్డు ముఖాన్ని లేత్ షాపులో ఎక్కువగా కోయిస్తే కవాటాలు పిస్టనుకు దగ్గరవుతాయి. ఇంజెక్టరు కొన బయటికి పొడుచుకు వచ్చే కొలత కూడా మారుతుంది.

ఫలితాలు

నిష్పత్తి పెరిగితే ఉష్ణ దక్షత పెరుగుతుంది. ఆదర్శ ఆటో చక్రంలో నిష్పత్తి 7 ఉన్నపుడు దక్షత 54 శాతం, 9 ఉన్నపుడు 58 శాతం. నిజమైన ఇంజన్లలో ఇది చాలా తక్కువ. అయితే పెట్రోలు ఇంజనులో నిష్పత్తి హద్దు మీరితే మిశ్రమం తనంతట తానే పేలి 'నాకింగ్' శబ్దం వస్తుంది. బ్రిటిష్ ఇంజనీరు హ్యారీ రికార్డో ఈ విషయంపై విస్తృతంగా పరిశోధించాడు. నిష్పత్తిని మార్చుకొనగల ఆయన ప్రయోగ ఇంజను ఇ35 1919లో తయారైనది. పెట్రోలు ఆక్టేను సంఖ్యను కొలిచే విధానానికి ఇటువంటి ఇంజన్లే ఆధారం.

డీజిలు ఇంజనులో నిష్పత్తి పెరిగితే గరిష్ఠ పీడనం పెరిగి గ్యాస్కెట్టు, బేరింగుల మీద భారం పడుతుంది. ఖాళీ మరీ తగ్గితే పిస్టను హెడ్డును లేదా కవాటాన్ని తాకి విరగగొడుతుంది. నిష్పత్తి తగ్గితే గాలి తగినంత వేడెక్కదు. 27 డిగ్రీల గాలిని నష్టం లేకుండా 17.5 రెట్లు కుదిస్తే సుమారు 670 డిగ్రీలకు, 14 రెట్లు కుదిస్తే సుమారు 590 డిగ్రీలకు చేరుతుంది. చల్లని ఇంజనులో సిలిండరు గోడలు ఈ వేడిలో చాలాభాగాన్ని లాగివేస్తాయి. అందువలన నిష్పత్తి తగ్గిన ఇంజను తెల్లవారుజామున సులభంగా అందుకోదు, తెల్లని పొగ వదులుతుంది.

సరిచూచుకొనే పద్ధతులు

హెడ్డును తలక్రిందులుగా ఉంచి, కవాటాలు, ఇంజెక్టరు లేదా ప్లగ్గు బిగించి, గుంతపై గ్రీజుతో రంధ్రమున్న గాజు పలక అంటించి, బ్యూరెట్టుతో కిరోసిను నింపితే హెడ్డు ఘనపరిమాణం తెలుస్తుంది. డీజిలు ఇంజనులో పిస్టనుపై మెత్తని సీసపు తీగ ముక్కలు ఉంచి, హెడ్డు బిగించి, చక్రాన్ని చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పుతారు. నలిగిన తీగ మందమే పిస్టనుకు, హెడ్డుకు మధ్య మిగిలిన ఎడం. దీనిని తయారీదారు పుస్తకంలోని కొలతతో పోల్చి, సరియైన మందం గల గ్యాస్కెట్టు వేస్తారు. కొన్ని ఇంజన్లలో సిలిండరు అడుగున షిమ్ములు కూడా వేస్తారు.

గేజీతో కొలిచే సంపీడన పీడనం, సంపీడన నిష్పత్తి ఒకటి కావు. రింగులు అరిగినా, కవాటాలు కారుతున్నా పీడనం తగ్గుతుంది, కానీ నిష్పత్తి మారదు. కాబట్టి గేజీ తక్కువ చూపినంత మాత్రాన హెడ్డును కోయించడం లేదా మార్చడం సరియైన మరమ్మతు కాదు.