పరాగ సంపర్కం: సరిహద్దులో ఒక పారిభాషిక పదం

శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలం కర్ణాటక సరిహద్దున ఉంది. తెలుగు, కన్నడం రెండూ ఇక్కడి వ్యవహార భాషలే. నొలంబుల రాజధాని హెంజేరు, నేటి హేమావతి, ఈ మండలంలోనిదే. పుప్పొడి కీలాగ్రాన్ని చేరే క్రియను తెలుగు పాఠ్యపుస్తకం ‘పరాగ సంపర్కం’ అంటే, సరిహద్దు అవతలి కన్నడ పాఠ్యపుస్తకం ‘పరాగస్పర్శ’ అంటుంది. పూర్వపదం ఒకటే, ఉత్తరపదం దగ్గర దారులు చీలాయి.

అమరకోశం పరాగానికి పూలధూళి అనీ, మకరందానికి పూలరసం అనీ అర్థం చెప్పింది. కావ్యభాషలో పరాగం పరిమళానికి, తుమ్మెదకు తోడు; సంతానోత్పత్తితో దానికి పని లేదు. జర్మనీలో కామెరారియస్ 1694లో పుప్పొడిని పురుషాంశగా నిరూపించిన శాస్త్రం మన భాషల్లోకి వచ్చాకే పాత మాటకు ఈ కొత్త బాధ్యత కలిగింది. తమిళులు ఇదే క్రియకు ‘మకరంద’ శబ్దాన్ని వాడుతారు. తేనె అనే అర్థానికి అలవాటుపడిన తెలుగు పాఠకుడు అక్కడ పొరబడక తప్పదు.

సంపర్కానికి మూలమైన ‘పృచ్’ ధాతువుకు కలియుట అని అర్థం. పుప్పొడి కీలాగ్రంపై వాలడం కలయిక కాదు, తాకిడి మాత్రమే. కలయిక తరువాతి దశ, ఫలదీకరణం. ఆ మేరకు కన్నడ పదమే నిర్వచనానికి దగ్గర. నేటి తెలుగులో ‘సంపర్కం’ లైంగికార్థం వైపు మొగ్గడం వల్ల రెండు దశలూ ఒకటేననే భ్రమకు మరింత చోటు దొరుకుతోంది. ‘పరపరాగ సంపర్కం’ విషయంలో చెవికి ఇంకో చిక్కు: మొదటి ‘పర’ అన్యవాచకం, ‘పరాగ’లోనిది పదభాగం.

జానపద వ్యవహారానికి ఈ గొడవ లేదు. పోతుతాడి, పెంటితాడి అని చెట్ల లింగభేదాన్ని అది ఏనాడో గుర్తించింది, అక్కడ భేదం కంటికి కనబడుతుంది కనుక. అమరాపురం వక్కతోటల్లో మగ, ఆడ పూలు ఒకే గెలపై ఉన్నా మగపూలు ముందు విచ్చుకుంటాయి. కాబట్టి ప్రధానంగా గాలి మోసుకొచ్చే పరాయి చెట్టు పుప్పొడే ఆధారం. వేరుశనగలో పుప్పొడి తాకడం మూసి ఉన్న పూరేకుల లోపలే జరిగిపోతుంది. రైతు దానికి పేరు పెట్టలేదు. ఫలదీకరణం తరువాత అండాశయపు మొదలు సాగి నేలలోకి దిగినప్పుడు మాత్రం ‘ఊడలు దిగాయి’ అన్నాడు.