పుంజు ఈకా, గాలపు ముల్లూ



కోడిపుంజుకూ సముద్రపు చేపకూ సంబంధమేమిటయ్యా అని మీకు తోచవచ్చును. నెల్లూరు జిల్లాలో, బోగోలు మండలపు జువ్వలదిన్నె వంటి ఒడ్డు గ్రామాలలో ముంగిట కోళ్లు గింజ లేరుకుంటూ ఉంటాయి, ఇసుకలో తెప్పలు ఆరుతూ ఉంటాయి. ఆ రెంటినీ కలిపే ముడి ఒకటున్నది. అది నిన్నమొన్నటిది కాదు.

సుమారు 1800 సంవత్సరాల కిందట రోములో ఏలియన్ అనే రచయిత ఉండేవాడు. మాసిడోనియాలో అస్ట్రెయస్ అనే ఏటి ఒడ్డువాళ్లు చేప పట్టే తీరు ఆయన రాసిపెట్టాడు. అక్కడి చేపలు నీటిపై వాలే ఒక జాతి ఈగను ఎగిరి మింగేవి. ఆ ఈగను పట్టి గాలానికి గుచ్చుదామంటే చెయ్యి తగలగానే దాని రంగు చెడిపోయేది. అందుకని వాళ్లు ముల్లుకు ఎర్రని ఉన్ని చుట్టి, పుంజు మెడ కింది ఈకలు రెండు, మైనపు రంగువి, దానికి కట్టేవాళ్లు. చేప దాన్నే ఈగ అనుకొని నోరు తెరిచేది. అంటే మోసపు ఎరకు మొదటినుంచీ పెట్టుబడి పెట్టింది మన పెరటి కోడే నన్నమాట!

మనవైపు గాలం సంగతి రాజులకు కూడా పట్టింది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు సుమారు 1129లో సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగం కలదు. తాడు, కర్ర, ముల్లు ఎట్లుండవలె, చేపకు ముందుగా మేతవేసి ఎట్లా మరపవలె, ఏ చేపకు ఏ ఎర అన్నవి అందులో వివరంగా ఉన్నాయి. తెలంగాణంలో చాలాభాగం ఆయన ఏలుబడిలోనిదే. 1951లో సుందర్‌లాల్ హోరా అనే మత్స్యశాస్త్రజ్ఞుడు ఈ భాగాన్ని గురించి వ్యాసం రాశాడు.

ఇంగ్లీషు దొరలు వచ్చినప్పుడు తమ ఈక గాలాలు వెంట తెచ్చుకున్నారు. మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథం ప్రకటించాడు. నెల్లూరు అప్పట్లో మద్రాసు రాజధానిలోనిదే. చేపపిల్లల్ని నాశనం చేస్తే ఏళ్లు వట్టిపోతాయని ఆయన గోల పెట్టాడు. మందు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని నిషేధిస్తూ 1897లో చట్టం వచ్చింది.

ఇక ఇక్కడొక పాపపు కథ చెప్పాలి. మన దక్షిణాది అడవికోడి, ఆ బూడిదవన్నె పుంజు, మెడ ఈకల మీద మైనం చుక్కలు కారినట్లు తళతళలాడే మచ్చలుంటాయి. ఇంగ్లండులో సాల్మన్ చేపకు కట్టే ఈక గాలాలకు ఆ మచ్చే కన్ను. దాని కోసం ఎన్ని పక్షుల్ని చంపారో! 1902లో ఇండియా ప్రభుత్వం పక్షుల ఈకల ఎగుమతిని ఆపింది. 1972 వన్యప్రాణి రక్షణచట్టం ఆ పక్షికే రక్షణ కల్పించింది. ఇప్పుడు విదేశాలలో కొందరు ఆ కోళ్లను పెంచుకొనే ఈకలు తీసుకుంటున్నారు. కనుక ఎవరైనా వచ్చి వెలిగొండలలోనో నల్లమలలోనో పుంజును కొట్టి ఈకలు తెమ్మని డబ్బు ఆశ చూపితే, ఆ డబ్బు జైలుకు దారి అని తెలుసుకోండి.

మనకు ఇంటి పుంజు చాలు. పెట్ట ఈక మెత్తన, నీళ్లు పీల్చి ముద్దయిపోతుంది. పుంజు మెడ ఈక బిరుసుగా ఉండి నీటిలో నిలబడుతుంది. నూలుదారానికి తేనెమైనం రాచి, ముల్లు వెనుక భాగాన రెండు పొడుగాటి తెల్ల ఈకలు తోకవలె కట్టి, దారాన్ని ముందుకు బిగించుకుంటూ వచ్చి, చివర మూడు నాలుగు ముళ్లు వేయండి. ముడిపై వార్నిషు చుక్క పెడితే ఊడదు. కట్టినది ఆ రుతువులో వచ్చే కవళ్లంతో నెత్తళ్లంతో ఉంటే సరి. వంజరానికి పళ్లు కత్తులు. ముల్లుకూ తాడుకూ మధ్య జానెడు తీగె లేకపోతే కట్టినదంతా దాని కడుపులోకే పోతుంది.

ఇది కంటికి చూపే ఎర, వాసన చూపేది కాదు. అందుచేత అక్టోబరు మొదలు డిసెంబరు దాకా, వానలకు నీరు మురికిగా ఉన్నప్పుడు, దీనితో లాభం లేదు. తుపాను హెచ్చరిక ఉంటే అసలు కదలవద్దు. సంక్రాంతి దాటి నీరు తేటపడ్డాక తెల్లవారుజామున పడవ వెంట లాగితే ఫలితం కనిపిస్తుంది. ఎరకోసం కొన్న చేప మిగిలితే అది ఇంట కూరౌతుంది. సన్నకారు వేటగానికి ఇది తక్కువ మేలు కాదు.

జువ్వలదిన్నెలో ఇప్పుడు మరబోట్లకు హార్బరు కట్టారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పుతీరాన మరబోట్ల వేట నిషేధం. వలలు బాగుచేసుకునే ఆ 61 రోజులలోనే పది గాలాలు కట్టి పెట్టుకోవచ్చును. వాడినవాటిని మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి, లేకుంటే ముల్లు తుప్పు పడుతుంది. డబ్బాలో గుప్పెడు ఎండు వేపాకు కూడా వేయండి, ఈకలకు పురుగు పడుతుంది.