త్రీ నాట్ త్రీ తుపాకి పుట్టుపూర్వోత్తరములు

బారామహలు అని పూర్వులు పిలిచిన ఈ ధర్మపురి, కృష్ణగిరి సీమలో, మైసూరు సుల్తాను సేనలు ఒకవైపును కుంఫిణీ సిపాయిలు మరొకవైపును కనుమలవెంట తిరుగాడిన కాలమున, ఇరుపక్షముల చేతులయందును ఉండినది చెకుముకి తుపాకియే. మూతినుండి మందును గుండును దట్టించి, పళ్లెరమున రంజకము పోసి, రాతినుండి రాలు నిప్పురవ్వతో వెలిగించు ఆ సాధనమును శ్రీరంగపట్టణపు పనివారు పులిముఖముల చెక్కడముతో అలంకరించిరి. 1792 సంధిచే ఈ సీమ కుంఫిణీ వశమయ్యెను. అటుపిమ్మట నూరేండ్లలో తుపాకి సమూలముగా మారిపోయినది.

ఆ మార్పునకు కారకులలో జేమ్స్ పారిస్ లీ ముఖ్యుడు. స్కాట్లండులో 1831లో పుట్టిన ఈ శిల్పి, తూటాలపెట్టెను తుపాకి కడుపున అమర్చి, బోల్టును వెనుకకు లాగి ముందునకు త్రోసినంతనే కొత్త తూటా గొట్టమున చేరునట్టి ఏర్పాటు కనిపెట్టెను. లండనుకు ఉత్తరమున నున్న ఎన్ఫీల్డు కర్మాగారపు గొట్టము 1895లో దానికి తోడుకాగా లీ-ఎన్ఫీల్డు అను పేరు స్థిరపడినది. గొట్టపు రంధ్రము అంగుళములో .303 వంతు; పెట్టెలో పది తూటాలు. 1907 నాటి మూడవ మార్కు రకమునే, 1914లో మార్సేల్సు రేవున దిగిన భారతీయ సైనికులకు వారి పాత తుపాకులు తీసికొని చేతికిచ్చిరి. హుగ్లీ తీరమున ఇషాపూరు కర్మాగారము ఈ రకమునే దశాబ్దములపాటు తయారుచేసినది.

చెల్లాచెదరైన అసలు భాగములను ఏరి ఇట్టి తుపాకిని పునరుద్ధరింపబూనువాడు మొదట పట్టుకొనవలసినది ఉలియు సుత్తియు కాదు, భూతద్దము. బోల్టు పిడిమీద నొక సంఖ్య, గొట్టమూలమున నొక సంఖ్య, మూతితొడుగుపై నొక సంఖ్య. ఇవన్నియు ఏకమైనచో ఆ భాగములు ఒక్కచోటనే కూర్పబడినవని తెలియును. కుడిప్రక్క ఇనుపపట్టీమీద కిరీటముక్రింద ‘జి.ఆర్.ఐ.’ అను అక్షరములున్న ఇషాపూరు తుపాకి, వట్టి ‘జి.ఆర్.’ ఉన్న ఇంగ్లండు తుపాకి, స్వాతంత్ర్యానంతరము అశోకస్తంభపు సింహముల ముద్ర దాల్చిన తుపాకి, చూపునకు కవలలవలె నుండియు చరిత్రలో వేర్వేరు. ఇంగ్లండులో అక్రోటుకొయ్య వాడగా, ఆస్ట్రేలియాలో లిత్గో కర్మాగారము క్వీన్స్‌లాండు మేపుల్‌ వంటి స్వదేశపు కలపను వాడినది. ముంగొయ్యను అడ్డముగా దూసికొనిపోయిన బలపు మర కనబడెనా, అది భారతదేశపు మరమ్మతని చెప్పవచ్చును. మొదటి ప్రపంచయుద్ధ మధ్యమున తయారీ త్వరపడుటకై దూరపుగురి పలకలను, పెట్టెను మూసియుంచు రేకును తొలగించిన పిమ్మటి తుపాకికి, అందము కొరకు ఆ భాగములను తెచ్చి తగిలించుట నా దృష్టిలో చరిత్రపట్ల అపచారము.

అసలు చిక్కు అంతకన్న లోతైనది. సైన్యములో నున్ననాడే ఈ తుపాకులు కర్మాగారమునకు తిరిగివచ్చి, పూర్తిగా విప్పబడి, అరిగిన బోల్టునకు మారుబోల్టును, చీలిన కొయ్యకు మారుకొయ్యను పొంది, ‘ఎఫ్.టి.ఆర్.’ అను ముద్రతోను ఆ మరమ్మతు జరిగిన ఏటితోను మరల సేవకు పోయెడివి. 1917లో పుట్టి 1940లలో ఇషాపూరున మరమ్మతైన తుపాకిని 1917 నాటి భాగములతో నింపి ‘అసలు’ది చేయబూనువాడు, నడుమ గడచిన దశాబ్దముల సాక్ష్యమును చెరిపివేయుచున్నాడు. ఏ ముద్రనాటి తుపాకిగా నిలుపవలెనో ముందుగా నిర్ణయించుకొని, మార్చిన ప్రతి భాగమును లిఖితపూర్వకముగా నమోదుచేసి, తీసిన పాత భాగమును పారవేయక భద్రపరచువానినే నేను పునరుద్ధారకుడందును. ముద్రలను ఆకురాయితో అరగదీసి కొత్త సంఖ్యలు కొట్టువాడు కూటలేఖకునితో సమానుడు.

మన దేశమున ఈ పని ఇంటి అరుగుమీద చేయదగినది కాదు. .303 సైనికప్రమాణమగుటచే సామాన్యునకు నిషిద్ధము. ఆయుధములను 1959 నాటి చట్టము ప్రభుత్వపు అనుమతికి బద్ధము చేసినది. కనుక ఇట్టి పునరుద్ధరణము బ్రిటను, ఆస్ట్రేలియాల సేకర్తలయొద్దను, మనయందు ప్రభుత్వాయుధాగారములందును ప్రదర్శనశాలలందును సాగవలసినదే. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020 గణతంత్రదినమున ఈ తుపాకికి వీడ్కోలు పలికిరి. లీ కల్పించిన బోల్టు మాత్రము, అనుమతిపత్రము గల పౌరులకొరకు ఇషాపూరు తయారుచేసిన .315 వేటతుపాకిలో నేటికిని వెనుకకు ముందునకు కదలుచునే యున్నది.