తుమ్మెదలు, గుర్రాలు

బళ్ళో బీజగణితం మొదలైన నాడు "ఎక్స్ అనుకొందాం" అని వ్రాయించారు. ఎందుకనుకోవాలో చెప్పలేదు. ఆ సందేహం చాలా ఏళ్ళకు భాస్కరాచార్యుని లీలావతి (1150) చదివినప్పుడు తీరింది.

ఒక తుమ్మెదల గుంపులో అయిదో వంతు కడిమిపూల మీద, మూడో వంతు శిలీంధ్రపుష్పాల మీద వాలాయి. ఆ రెంటి తేడాకు మూడు రెట్లు కొడిసెచెట్టుకు పోయాయి. ఒక్కటి మాత్రం మొగలి, మాలతుల పరిమళాల నడుమ గాలిలో ఊగిసలాడుతోంది. మొత్తమెన్ని?

ఇక్కడ ఎక్స్ వంటి గుర్తే లేదు. దీని పద్ధతి ఇష్టకర్మ: ఇష్టమైన సంఖ్యను తీసుకోవడమే. 30 అనుకొందాం. అయిదో వంతు 6, మూడో వంతు 10. తేడా 4, దానికి మూడు రెట్లు 12. మొత్తం 28 పోగా మిగిలేవి 2. మిగలవలసింది 1. కనుక 30లో సగం, 15. (7 అనుకొన్నా జవాబు అదే, భిన్నాలతో కుస్తీ పట్టాలంతే.)

అయితే, ఒకనికి 6 గుర్రాలు, 300 రూపాలు ఉన్నాయి. మరొకనికి 10 గుర్రాలు, 100 అప్పు. ఇద్దరి సంపదా సమానం. గుర్రం వెల ఎంత? ఇక్కడ ఇష్టకర్మ నేరుగా పారదు. ఇది భాస్కరుని బీజగణితంలోని లెక్క. ఇద్దరి నుండీ 6 గుర్రాలు తీసివేసి, ఇద్దరికీ 100 రూపాలు ఇస్తే అప్పు తీరి, 400 రూపాలు 4 గుర్రాలకు సమానమౌతాయి. వెల 100. "అవతలికి పోతే గుర్తు మారుతుంది" అని మేము వల్లించిన సూత్రం ఇంతే!

ఆ తెలియని వెలకు భాస్కరుడు వాడిన పేరు యావత్తావత్, అనగా "ఎంతో అంత". ఎక్స్‌కు బదులు మాకూ ఆ పేరే చెప్పి ఉంటే నేనంత భయపడేవాణ్ణి కాదేమో.