ఆదోనికి చెన్నై మీదుగా

1953 అక్టోబరు 1 దాకా కురుగోడు, ఆదోని ఒకే బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. కురుగోడు మైసూరు వైపు మిగిలింది. ఈ సరిహద్దును ఇంటర్నెట్ పట్టించుకోదు. దాని సరిహద్దులు కంపెనీల మధ్య ఉంటాయి. కురుగోడులో ఒక కంపెనీ కనెక్షన్, ఆదోనిలో చుట్టాలది ఇంకొకటి అయితే, పంపిన ఫోటో సాధారణంగా ఏ బెంగళూరుకో చెన్నైకో పోయి, అక్కడ చేతులు మారి, వెనక్కి రావాలి.

ఒకే కంపెనీ లోపల దారి వెతకడం లెక్కల పని. 1956లో డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ, కాగితం పెన్సిలూ లేకుండా, ఇరవై నిమిషాల్లో అతి దగ్గరి దారి పట్టే పద్ధతి ఆలోచించాడు. నేటికీ చాలా రౌటర్లు లోపల నడిపేది అదే. ఇంజనీరు ఒక్కో లింకుకు ఒక ఖర్చు రాస్తాడు. రద్దీ లింకు ఖర్చు పెంచితే ట్రాఫిక్ పక్క లింకుకు మళ్లుతుంది.

కంపెనీ గడప దాటాకే అసలు కథ. 1989 జనవరిలో ఆస్టిన్‌లో ఒక సమావేశం జరుగుతుండగా, సిస్కోకు చెందిన కర్క్ లాహీడ్, ఐబీఎంకు చెందిన యాకోవ్ రెఖ్టర్ భోజనాల దగ్గర నాప్‌కిన్ల మీద, నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే కొత్త నియమాలు గీసుకున్నారు. జూన్‌కల్లా అది పత్రంగా వచ్చింది. అదే బీజీపీ. ఇందులో ప్రతి నెట్‌వర్కుకూ ఒక నంబరు. దారి కబురును పక్కవాడికి చెప్పేముందు తన నంబరు చేర్చాలి. చేతికొచ్చిన కబురులో తన నంబరే కనబడితే తోసెయ్యాలి. అందులో కిలోమీటర్లు ఉండవు, వేగమూ ఉండదు. చూసేది బేరం: డబ్బిచ్చే ఖాతాదారు దారి ముందు, ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే పొరుగువాడిది తరవాత, కొనుక్కోవాల్సింది చివర. ట్రాఫిక్ ఇటు రావద్దనుకుంటే తన నంబరునే రెండు మూడుసార్లు రాసి దారిని పొడుగ్గా చూపిస్తారు. అబద్ధమే, కానీ వృత్తిలో చెల్లే అబద్ధం.

మనకు 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తెచ్చింది. తరవాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి గానీ వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం కుదరలేదు. ఒకే నగరంలో ఇద్దరి మధ్య మెయిలు అమెరికా చుట్టి వచ్చిన సందర్భాలున్నాయి. ఆ తిరుగుడుకు డాలర్లు కట్టాం. దేశంలోని కంపెనీలు ట్రాఫిక్‌ను ఇక్కడే ఇచ్చిపుచ్చుకునేలా 2003లో నిక్సీ అనే సంస్థ పుట్టింది ఇందుకే. నోయిడా, ముంబై, చెన్నై, కోల్‌కతాల్లో కూడళ్లు తెరిచారు. కానీ డేటా అడిగినవాడే డబ్బు కట్టాలని మొదట్లో పెట్టిన నిబంధన, నా లెక్కన, దాని కాళ్లకే అడ్డం పడింది. చందాదారులు చూసేదే ఎక్కువ, పంపేది తక్కువ అయిన చిన్న కంపెనీకి కూడలిలో చేరడమే భారం. 2010ల్లో ముంబైలో వచ్చిన ప్రైవేటు కూడళ్లు పోర్టుకు రుసుము తీసుకుని, డేటా లెక్కన డబ్బు వసూలు చేసే ఈ మీటరు తీసేశాయి.

గూగుల్, నెట్‌ఫ్లిక్స్ ఇంకో మార్గం పట్టాయి: జనం ఎక్కువగా చూసే వీడియోలను దాచే సర్వర్లను ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోనే పెట్టాయి. ఆ సర్వరు కావాలంటే చాలినంత ట్రాఫిక్ ఉందని చూపాలి. అంత లేని చిన్న ఊరి కేబుల్ కంపెనీ, పెద్ద కంపెనీ దగ్గర కొన్న దారిలోనే వీడియో తెప్పించుకుంటుంది.